వానలో పార్కింగ్ లైట్లు వేసి బండి నడపొచ్చా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను కారు నేర్చుకుని రెండేళ్లయింది. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఈమధ్య విజయవాడలో ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నాం. మావారికి సెలవు దొరకలేదు కాబట్టి బండి నా చేతిలోనే ఉంది. పక్క సీట్లో మా బావగారు, వెనక అత్తయ్య, తోటికోడలు, పాప. నందిగామ దాటామో లేదో కుండపోతగా వాన పట్టుకుంది. ముందున్న కార్లన్నీ పార్కింగ్ లైట్లు కొట్టుకుంటూ పోతున్నాయి. బావగారు "నాలుగు లైట్లూ వెయ్యమ్మా, వెనకవాడికి మనం కనపడాలి" అంటూ తనే బటన్ నొక్కేశారు. కాసేపటికి ఎడమ పక్క పెట్రోల్ బంకు కనిపిస్తే, అక్కడ ఆగుదామని ఎడమ ఇండికేటర్ వేసి పక్క లేన్‌లోకి జరిగాను. వెనకే వస్తున్న లారీ హారన్ మోగిస్తూ, బ్రేకులు కీచుమనిపిస్తూ మా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. పాప ఒకటే ఏడుపు. బావగారేమో "ఇన్ని లైట్లు వెలుగుతుంటే వాడికి కళ్లు కనపడవా" అన్నారు. ఆయన కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు. అక్కడ వానొస్తే అందరూ ఇలాగే వేస్తారట. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, నాకు టెన్షన్ మొదలవుతోంది. వానలో ఆ లైట్లు వెయ్యాలా, వద్దా? వద్దంటే ఇంటికి పెద్దాయన, ఆయనకెలా చెప్పాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఎడమ ఇండికేటర్ వేసి జరిగాను" అన్నారు. మీరు వేశారు, నిజమే. కానీ అది కారు బయటికి రాలేదు. నాలుగు ఇండికేటర్లూ కలిసి కొట్టుకుంటున్నప్పుడు చాలా కార్లలో స్టీరింగ్ పక్కనున్న ఆ పుల్లను మీరు ఎటు తిప్పినా బయట ఏ మార్పూ ఉండదు. కొన్ని కొత్త కార్లలో మాత్రం తిప్పిన పక్క లైటు ఒక్కటే కొట్టుకుంటుంది, రెండోది ఆగుతుంది. మీ కారు ఏ రకమో బండి నిలిపి ఉంచినప్పుడు ఒకసారి వేసి చూసుకోండి. జరిగింది చూస్తే మీది మొదటి రకమే అనిపిస్తోంది. అంటే ఆ లారీ డ్రైవరుకు కనిపించింది ఇంతే: రెండు పక్కలా లైట్లు కొట్టుకుంటున్న ఒక కారు, ముందస్తు కబురేమీ లేకుండా తన ముందుకు వచ్చేసింది. ఆయనకు కళ్లు బాగానే కనపడ్డాయి. మీ కారే ఆయనతో ఏమీ చెప్పలేదు. అంత వానలో, అంత బరువు బండిని ఆపగలిగాడంటే ముందే కాస్త ఎడం ఉంచుకుని నడుపుతున్నాడన్నమాట. ఎవరో ఏమో, ఆ మనిషికి నేను కూడా దణ్ణం పెడుతున్నాను.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: వద్దు. వానైనా, పొగమంచైనా బండి కదులుతున్నంతసేపూ ఆ ఎర్ర త్రికోణం బటన్ జోలికి వెళ్లకండి. ఒకటి రెండు సందర్భాల్లో కొద్ది సెకన్లపాటు వేయాల్సి వస్తుంది. అవేమిటో కింద చెప్తాను. వద్దని చెప్పి ఊరుకోకుండా కారణం కూడా చెప్తాను. కారణం తెలిస్తేనే పక్కనున్నవాళ్లు తొందరపెట్టినా మీరు తడబడకుండా ఉంటారు.

మన దగ్గర వీటిని పార్కింగ్ లైట్లు అంటాం. హజార్డ్ లైట్లన్నా ఇవే. అసలు పార్కింగ్ లైట్లు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. కానీ జనం పెట్టుకున్న పేరులోనే దీని పని ఉంది. ఇవి ఆగిన బండి కోసం పెట్టిన లైట్లు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ ఏర్పాటు గురించి రాసినచోట కూడా, బండి కదలలేని స్థితిలో ఉన్నప్పుడు ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకుని మిగతావాళ్లను హెచ్చరించాలనే ఉంది. రోడ్డు మీద ఆ లైట్లకు వచ్చిన మాట ఒక్కటే: "నేను ఆగిపోయాను, చూసుకుని పో." అరవై కిలోమీటర్ల వేగంతో పోతూ ఆ మాట చెప్తే అది అబద్ధం.

ఆ అబద్ధం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో నేను కళ్లారా చూశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. తుఫాను పట్టిన ఒక నవంబరు సాయంత్రం తుని నుంచి రాజమండ్రి వస్తున్నాను. ఇప్పుడు ఎన్‌హెచ్ 16 అంటున్న రోడ్డును అప్పట్లో ఎన్‌హెచ్ 5 అనేవాళ్లం. అన్నవరం దాటాక వైపర్లు ఎంత కొట్టినా అద్దం మీద నీళ్లు ఆగడం లేదు. ముందు పోతున్న కార్లు, వ్యాన్లు అన్నీ నాలుగు లైట్లూ వేసుకున్నాయి. నేనూ వేశాను. ఒకటి, రెండు, ఐదు, పది బండ్లు అలాంటివే చూసేసరికి కళ్లు అలవాటు పడిపోయాయి. కొట్టుకునే లైట్లంటే పోతున్న బండి అని బుర్రలో కూర్చుంది. అలాంటిదే ఇంకో జత కనిపించింది. అదీ పోతోందనే అనుకున్నాను. ఇదేమిటి ఇంత త్వరగా దగ్గరికొస్తోందని తట్టేసరికి దాని వెనక తలుపు మీద రాసిన నంబరు చదవగలిగేంత దగ్గరలో ఉన్నాను. టైరు పంక్చరై రోడ్డు మీదే ఆగిపోయిన లారీ అది. క్లీనరు కుర్రాడు తల మీద యూరియా సంచి కప్పుకుని, చక్రం పక్కన గొంతుక్కూర్చుని జాకీ తిప్పుతున్నాడు. నేను కుడికి కోసేశాను. ఆ క్షణంలో కుడి పక్క ఎవరూ లేరు కాబట్టి ఆ కుర్రాడు బతికాడు, నేనూ బతికాను. ఇంకో పది కిలోమీటర్లు పోయాక బండి ఆపుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ లారీవాళ్ల తప్పేమీ లేదు. ఆగారు, లైట్లు వేశారు. ఆ లైట్లకు విలువ లేకుండా చేసింది ముందు పోతున్న మేమందరం. నాన్నా పులి కథలో పులి వాత పడింది అబద్ధమాడినవాడే. రోడ్డు మీద అలా జరగదు. పది మంది ఉత్తినే అరిచినందుకు పదకొండోవాడు, నిజంగా సాయం కావలసినవాడు పోతాడు. ఆ రోజు నుంచి నడుస్తున్న బండిలో వాన కోసమని ఆ బటన్ నొక్కలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లకూ అదే చెప్తున్నాను.

డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకు చివరి వారంలో నేను ఒక పరీక్ష పెడతాను. సాయంత్రం చీకటి పడే వేళకు కారును ఖాళీ స్థలంలో నిలబెట్టి, వాళ్లను ఇరవై అడుగులు వెనక్కి పంపిస్తాను. వెనక కుడి లైటు మీద గోనెసంచి ఒకటి వేలాడదీసి, లోపల కూర్చుని నాలుగు ఇండికేటర్లూ వేస్తాను. "బండి ఏం చేయబోతోంది?" అని అడుగుతాను. అందరూ ఒకే గొంతుతో "ఎడమకు తిరుగుతోంది సార్" అంటారు. సంచి తీసేశాక నాలుక కరుచుకుంటారు. రోడ్డు మీద గోనెసంచి ఉండదు. మీకూ వెనకవాళ్లకూ మధ్య ఒక బైకో, ఆటోనో, ఇంకో కారు మూలో ఉంటుంది. వానలో వెనకవాళ్లకు మీ కారు పూర్తిగా కనిపించడమే అరుదు. ఒక్క ఎడమ లైటు కొట్టుకోవడం చూసినవాడు మీరు ఎడమకు పోతున్నారని నమ్మి, కుడి నుంచి దూసుకొస్తాడు. మీరేమో తిన్నగా పోతుంటారు, లేదా కుడికే జరుగుతుంటారు.

పరీక్షలో రెండో భాగం కూడా ఉంది. ఈసారి వాళ్లను వెనక కారులో కూర్చోబెట్టి, ముందు అద్దం మీద మగ్గుతో నీళ్లు పోయిస్తాను. ముందు కారులో నేను నాలుగు లైట్లూ వేసి, మధ్య మధ్యలో బ్రేకు మెల్లగా నొక్కి వదులుతాను. ఎన్నిసార్లు నొక్కానో లెక్క చెప్పమంటాను. సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. నీటి చుక్కల వెనక ఆ పసుపు వెలుగు అద్దమంతా పాకి, పక్కనే వెలిగిన ఎర్ర బ్రేకు లైటును మింగేస్తుంది. అదే నాలుగు లైట్లూ ఆపేసి, మామూలు టెయిల్ లైట్లతో మళ్లీ పెడితే దాదాపు అందరూ చెప్పేస్తారు. వానలో మీ వెనక వచ్చేవాళ్లకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది మీరు బ్రేకు వేశారా లేదా అన్నదే. ఆ కబురునే మనం మన చేతులతో చెరిపేస్తున్నాం.

ఇంకొకటి. ముందున్న బండి ఎంత దూరంలో ఉందో, మనం దానికి దగ్గరవుతున్నామో లేదో చీకట్లో మన కన్ను ఎలా పసిగడుతుందో తెలుసా? రెండు ఎర్ర లైట్ల మధ్య ఎడం పెరుగుతోందా, అలాగే ఉందా అన్నదాన్ని బట్టి. ఆ రెండు లైట్లూ నిలకడగా వెలుగుతుంటేనే అది కుదురుతుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకునేలా తయారు చేస్తారు. అందులో దాదాపు సగంసేపు అది ఆరిపోయే ఉంటుంది. ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. మీ లైటు ఆరి మళ్లీ వెలిగేలోపు అది ఐదు నుంచి పదకొండు మీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది.

అయితే బావగారు కోరుకున్నదాంట్లో తప్పేమీ లేదు. వెనకవాడికి మనం కనపడాలి, ముమ్మాటికీ. దానికి వేయాల్సినవి హెడ్‌లైట్లు. పట్టపగలైనా సరే, వాన గట్టిగా పట్టుకుంటే హెడ్‌లైట్లు డిమ్‌లో వేయండి. హెడ్‌లైట్లు వేస్తే వెనక ఎర్ర టెయిల్ లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. వెనకవాళ్లకు కావలసింది ఆ రెండు ఎర్ర చుక్కలే.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది, జాగ్రత్తగా వినండి. ఈ రోజుల్లో కార్లకు ముందు డీఆర్‌ఎల్‌లని తెల్లటి లైట్లు వస్తున్నాయి. బండి స్టార్ట్ చేయగానే వెలుగుతాయి. లోపల మీటర్ బోర్డు కూడా ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దాంతో లైట్లు వేసే ఉన్నాయనుకుంటాం. కానీ చాలా కార్లలో డీఆర్‌ఎల్ వెలిగితే వెనక ఏమీ వెలగదు. ముందు నుంచి చూస్తే పెళ్లి పందిరిలా ఉంటుంది, వెనక నుంచి చూస్తే అమావాస్య. ఇక లైట్ల స్విచ్చును ఆటోలో పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. చాలా కార్లలో ఆ ఆటో వెలుతురు తగ్గిందా అని చూస్తుంది తప్ప, వాన పడుతోందా అని చూడదు. మధ్యాహ్నం మూడింటికి తెల్లగా కురిసే వానలో దానికి లైట్ల అవసరం తోచకపోవచ్చు. అందుకే స్విచ్చు చేత్తో తిప్పండి. మొదటి మెట్టులో ముందు చిన్న లైట్లు, వెనక టెయిల్ లైట్లు వెలుగుతాయి. నిజమైన పార్కింగ్ లైట్లంటే అవే. రెండో మెట్టులో హెడ్‌లైట్లు. మీరు రెండో మెట్టు దాకా వెళ్లాలి.

మీ కారుకు వెనక ఫాగ్ ల్యాంపు ఉందేమో చూసుకోండి. అది మామూలు టెయిల్ లైటు కన్నా చాలా ప్రకాశంగా వెలిగే ఎర్ర లైటు. వేస్తే మీటర్ బోర్డు మీద పసుపు రంగు గుర్తు కనిపిస్తుంది. ముందేమీ కనపడనంత వానలోనూ, పొగమంచులోనూ ఈ పని కోసమే దాన్ని పెట్టారు. దారి తేటపడగానే ఆపేయాలి, లేకపోతే వెనకవాళ్ల కళ్లలో పొడుస్తుంది.

బ్రైట్ మాత్రం వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖ నుంచి లంబసింగి చూడ్డానికి తెల్లవారుజామునే బయల్దేరే కుర్రకారు చేసే పొరపాటు ఇదే. మంచులో దారి కనపడలేదని బ్రైట్ వేస్తారు. ఆ వెలుగు మంచు తుంపర్ల మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. ముందు తెల్లటి దుప్పటి కట్టినట్టుంటుంది. డిమ్ వేస్తే వెలుగు కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో నాలుగు ఇండికేటర్లు వేసుకుని ఎక్కేవాళ్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఎదురుగా దిగుతున్న బండికి మలుపు చాటు నుంచి మొదట మీ లైటు ఒక్కటే కనిపిస్తుంది. మీరు తన మీదికి తిరుగుతున్నారని అతను గాభరాగా పక్కకు కోస్తే, ఆ పక్క లోయ ఉండొచ్చు.

ఇక నడిపే తీరు. ఇది మీకు తెలిసిందే, అయినా ఒక్కమాట. పొడి రోడ్డు మీద ముందు బండికీ మనకూ రెండు సెకన్ల ఎడం ఉండాలంటారు. వానలో దాన్ని నాలుగు చేయండి. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే మెల్లగా నాలుగు లెక్కపెట్టండి. నాలుగు అయ్యాకే మీరు ఆ స్తంభం దగ్గరికి చేరాలి. టైర్లు కూడా చూసుకోండి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మన నిబంధన. అంతవరకూ ఆగొద్దు, వానాకాలానికి ముందే మార్చేయండి. అద్దం లోపలి పక్క ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపొద్దు. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్లించండి, నిమిషంలో తేటపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: "నేను కనపడటం లేదేమో, నాలుగు లైట్లూ వేద్దాం" అని మీకు అనిపించిన క్షణం ఉంది చూశారూ, ఇక ఆగాల్సిన సమయం వచ్చిందని మీ మనసు చెప్తున్న క్షణం అదే. బంకులో ఆగుదామన్న మీ ఆలోచన నూటికి నూరుపాళ్లూ మంచిది. పెట్రోల్ బంకు, ధాబా, టోల్ ప్లాజా పక్క ఖాళీ జాగా, ఏదైనా సరే. నందిగామ దాటాక చిల్లకల్లు టోల్ ప్లాజా కూడా ఉంది కదా, మెల్లగా అక్కడిదాకా పోయినా సరిపోయేది. జరగాల్సిందల్లా లేన్ మారే ముందు ఆ ఎర్ర బటన్ ఆపేసి, ఎడమ ఇండికేటర్ వేసి, కనీసం ఐదారు సెకన్లు దాన్ని వెనకవాళ్లను చూడనిచ్చి, అద్దంలో లారీ నెమ్మదించిందని తెలిశాక జరగడం. రోడ్డు అంచున, ఫ్లైఓవర్ కింద, చెట్టు కింద మాత్రం ఆపకండి. వానలో అంచున ఆగిన కారును రోడ్డు మీద పోతున్న కారనుకుని దాని వెనకే వచ్చి గుద్దేస్తారు, నేను గుద్దబోయినట్టే.

తప్పనిసరై అక్కడే ఆగిపోవాల్సి వస్తే, ఇంజనే ఆగిపోతే, అప్పుడు నొక్కండి ఆ బటన్. అది పుట్టిందే అందుకు. బండిని వీలైనంత ఎడమకు తీసి, అందర్నీ ఎడమ తలుపులోంచి దింపి, ఇనుప రెయిలింగ్ అవతలకు పంపించండి. వాన అని కారులో కూర్చోబెట్టొద్దు. తడిస్తే తల తుడుచుకోవచ్చు. డిక్కీలో స్టెప్నీ దగ్గర మడిచి పెట్టిన ఎర్ర త్రికోణం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి కూడా తీసి ఉండరు. వెనకవైపు వచ్చే బండ్లను చూసుకుంటూ, రోడ్డు అంచునే నడిచి, కనీసం యాభై మీటర్ల వెనక దాన్ని పెట్టండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కి ఫోన్ చేయండి.

బండి కదులుతున్నప్పుడు కొద్దిసేపు వేయాల్సిన సందర్భాలు ఉన్నాయన్నాను. మీరు వచ్చిన ఆ దారిలోనే చెప్తాను. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి, రాకపోకలు ఆగిపోయాయి గుర్తుందా? అలాంటిచోట ఎనభై మీద పోతున్న బండ్ల వరుస ఉన్నట్టుండి నిలబడిపోతుంది. ఆ వరుసలో చివరి కారు మీదైతే, బ్రేకు వేస్తూనే నాలుగు లైట్లూ నొక్కండి. వెనకాలెవరో వచ్చి ఆగేదాకా, ఇంకో రెండు బండ్లు చేరేదాకా ఉంచండి. తర్వాత ఆ పని వాళ్లది. లేదా ముందు ఏ చెట్టో పడి ఉండి మీరు గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినా అంతే. కొన్ని కొత్త కార్లు గట్టి బ్రేకు పడితే ఈ లైట్లను వాటంతట అవే వేస్తాయి. ఈ రెండు సందర్భాల్లోనూ ఆ లైట్లు చెప్పేది నిజమే: ఆగుతున్నాను, ఆగు.

ఇప్పుడు ఫ్లోరిడా సంగతి. బావగారి అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, కానీ మొత్తం చెప్పినట్టు లేడు. ఫ్లోరిడాలో కూడా నడుస్తున్న బండికి ఈ లైట్లు వేయకూడదనే ఉండేది. 2021 జూలై 1 నుంచి ఒక సడలింపు ఇచ్చారు. గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, అంతకన్నా ఎక్కువ వేగ పరిమితి ఉన్న రోడ్ల మీద, అదీ ఏమీ కనపడనంత వాన, మంచు, పొగ ఉన్నప్పుడు మాత్రమే వేసుకోవచ్చు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో ఇంకా గట్టిగా ఉంటుంది. అక్కడి హైవే కోడ్ ప్రకారం నడుస్తూ ఈ లైట్లు వేయకూడదు. మోటార్‌వే లాంటి పెద్ద రోడ్ల మీద ముందు అడ్డంకి ఉందని వెనకవాళ్లకు చెప్పాల్సి వస్తే వేయొచ్చు, అదీ వాళ్లు గమనించేంతసేపే. వంద మీటర్లకు మించి కనపడకపోతే మాత్రం హెడ్‌లైట్లు వేసి తీరాలి. నేను మీకు చెప్పింది కూడా దాదాపు ఇదే.

పైగా ఆ ఫ్లోరిడా హైవే మీద మన హైదరాబాద్-విజయవాడ రోడ్డు, ఎన్‌హెచ్ 65 మీద ఉన్నట్టు టెయిల్ లైటు లేని ట్రాక్టరు ఉండదు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉండదు, డివైడర్ సందులోంచి దాటే మనిషి ఉండడు. ఇక్కడ మీరు గంటలో ఇరవైసార్లు లేన్ మారాల్సి వస్తుంది. ఇరవైసార్లూ మీ ఇండికేటర్ మాట్లాడగలగాలి.

మీ రెండో ప్రశ్న నాకు మొదటిదానికన్నా బరువుగా అనిపించింది. పెద్దాయన, పైగా మీ మీద ప్రేమతోనే బటన్ నొక్కారు. ఈ ఉత్తరం తీసుకెళ్లి ఇంట్లో అందరి ముందూ చదవకండి. మీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి. ఆయన్ని ఒక సాయం అడగండి. ఏదో ఒక సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో "బావగారూ, లైట్లన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో కాస్త వెనక నిలబడి చూస్తారా" అనండి. ఇది ఉత్తుత్తి నెపం కూడా కాదు. ఒక్కరే ఉన్నప్పుడు బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూసుకోలేం. వానాకాలం ముందు ప్రతి ఇంట్లోనూ ఇద్దరు కలిసి చేయాల్సిన పనే ఇది. మొదట డీఆర్‌ఎల్ మాత్రమే ఉంచి అడగండి, వెనక వెలుగుతున్నాయా అని. తర్వాత హెడ్‌లైట్లు వేసి అడగండి. తర్వాత కుడి లైటు మీద ఒక తువ్వాలు వేసి, నాలుగు ఇండికేటర్లూ నొక్కి, "ఎటు తిరుగుతున్నాను బావగారూ?" అనండి. ఆ తర్వాత ఎడమ ఇండికేటర్ వేసి, ఏమైనా తేడా కనిపించిందా అని అడగండి. ఇంక మీరేమీ చెప్పక్కర్లేదు. ఆ లారీ డ్రైవరు నిలబడ్డ చోట ఆయన నిలబడి చూస్తారు.

టెన్షన్ గురించి కూడా. ఒక్కసారిగా హైవే మీదికి వెళ్లకండి. చిరుజల్లు పడుతున్న ఆదివారం పొద్దున మీకు బాగా అలవాటైన దారిలో, మీ ఆఫీసు దారిలోనే అరగంట తిరిగి రండి. రెండు మూడుసార్లు అయ్యాక గట్టి వానలో తిరగండి. వాన శబ్దం చెవికి అలవాటైతే సగం భయం పోతుంది. మళ్లీ విజయవాడ వెళ్లేటప్పుడు బావగారిని పక్క సీట్లోనే కూర్చోబెట్టుకోండి. వాన పడితే ఆయనకు ఒక పని అప్పగించండి: ముందు బండి స్తంభం దాటగానే పైకి వినపడేలా నాలుగు లెక్కపెట్టడం. ఆయన లెక్కపెడుతుంటారు, మీరు రోడ్డు చూసుకోండి.